దాత పేరు పక్కన గది నంబరు కూడా

జిల్లా పరిషత్ హైస్కూళ్లలో చదివి వెళ్లిన పూర్వ విద్యార్థులకు, ఇప్పుడు అక్కడ పిల్లల్ని చదివించుకుంటున్న తల్లిదండ్రులకు, హెడ్మాస్టర్లకు, స్కూలు కమిటీలవారికి ఒక విన్నపం. ఈ ఏడాది బడికి ఏదైనా చేద్దామనుకుంటే ఆర్చి, స్టేజీ, సరస్వతి విగ్రహం కాసేపు పక్కన పెట్టండి. ముందు ఆవరణలో ప్రతి గదికీ ఎన్నటికీ మారని ఒక నంబరు వేయించండి. అక్కడికి దారి చూపే బోర్డులు పెట్టించండి.

ఇదేం పెద్ద పని అనిపించవచ్చు. మన హైస్కూళ్లు ఎలా పెరిగాయో ఒకసారి గుర్తు చేసుకోండి. ముందు పెంకుల వరండాతో పాత బిల్డింగు. దాని పక్కన ఊరి పెద్దాయన ఒకరు తల్లి పేరిట కట్టించిన రెండు గదులు. సర్వశిక్షా అభియాన్ వచ్చాక వెనకవైపు అదనపు గదులు, 2009లో రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్, అంటే ఆర్‌ఎంఎస్‌ఏ మొదలయ్యాక ఇంకో బ్లాకు. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2019లో నాడు-నేడు, తెలంగాణలో 2022లో మన ఊరు-మన బడి. ఏ పథకానికి ఎక్కడ జాగా దొరికితే అక్కడ కట్టుకుంటూ పోయారు. అందుకే స్టాఫ్ రూములో "ఎయిత్ బీని ఆర్వీఎం గదిలో కూర్చోబెట్టండి", "నాబార్డు బిల్డింగు తాళాలు ఎవరి దగ్గరున్నాయి?" అనే మాటలు వినిపిస్తాయి. ఆర్వీఎం అంటే రాజీవ్ విద్యా మిషన్, సర్వశిక్షా అభియాన్ కే మన దగ్గర ఒకప్పుడు ఉన్న పేరు. ఏ నిధులతో కట్టారో ఆ పేరే గదికి స్థిరపడిపోయింది. ఏళ్ల తరబడి అక్కడే పనిచేస్తున్న అటెండరుకు అది చాలు. నిన్న ఆరో తరగతిలో చేరిన పిల్లకు నాబార్డు ఏం తెలుస్తుంది?

దాతలు కట్టించిన గదుల సంగతి మరీ వింత. గుమ్మం పక్కన నల్లరాతి పలక మీద కట్టించినవారి పేరు, వారి తల్లిదండ్రుల పేర్లు, ప్రారంభించిన మంత్రి, అధ్యక్షత వహించినవారు, తేదీ, అన్నీ ఉంటాయి. అది ఎన్నో గదో ఉండదు. దాతల్ని తప్పుపట్టడం లేదు, వాళ్లు లేకపోతే సగం క్లాసులు చెట్ల కిందే జరిగేవి. అంత రాయి చెక్కించినవారు ఇంకొక్క అంకె చెక్కించి ఉండాల్సింది, అంతే.

పిల్లలకు నాలుగు రోజుల్లో అలవాటైపోతుందిలే అంటారు. నిజమే, అలవాటైపోతుంది. కానీ ఆ గదుల్లోకి వచ్చేది ఆ బడి పిల్లలే కాదు. పదో తరగతి పరీక్షలప్పుడు పక్క ఊళ్ల నుంచి ఆటోల్లో వచ్చిన పిల్లలు గేటు దగ్గర అంటించిన కాగితంలో హాల్ టికెట్ నంబరు వెతుక్కుంటారు. రూం నం. 9 అని ఉంటుంది. ఆ తొమ్మిది పరీక్షల కోసం పుట్టిన తొమ్మిది, ఎనిమిది పక్కనే ఉండాలని లేదు. దాన్ని తలుపు మీద కాగితంతో అంటిస్తారు. తలుపు బార్లా తీయగానే కాగితం గోడవైపు తిరిగిపోతుంది! తొమ్మిదిన్నర పరీక్షకు ముందు, ఆ భయంలో, మూడు బ్లాకుల మధ్య తిరుగుతున్న పిల్ల చదివినదాంట్లో ఎంత గుర్తుంచుకుంటుంది?

ఎన్నికలొచ్చినా అదే తంతు. పోలింగ్ కేంద్రాల జాబితా తీసి చూడండి. బడి పేరు పక్కన "తూర్పు భాగం", "ఉత్తరం వైపు గది" లాంటి మాటలు కనిపిస్తాయి. ఎన్నికలయ్యాక కూడా పోలింగ్ నంబరు గోడ మీదే ఉంటుంది. దాని కింద పరీక్ష నంబరు, దాని పక్కన చాక్‌పీసుతో 7-ఎ. ఒకే గుమ్మానికి మూడు గుర్తులు, అందులో ఏదీ గదిది కాదు.

అయితే ఆ జాబితా రాసినవారు ఒక మంచి దారి చూపించారు. మనవాళ్లకు దిక్కులు చెప్పడం వెన్నతో పెట్టిన విద్య. బ్లాకులకు పథకాల పేర్లు మానేసి తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని పెట్టుకుందాం. ఒక్కో బ్లాకులో కింది గదులకు 1 నుంచి, మేడ మీదివాటికి 11 నుంచి, ఆపైన ఉంటే 21 నుంచి. కింద ఆరే గదులుంటే ఏడు నుంచి పది ఖాళీగా వదిలేయండి, రేపు కట్టబోయే గదులకు పనికొస్తాయి. అంకెలు ఎప్పుడూ గేటుకు దగ్గరి కొస నుంచే మొదలవ్వాలి. తరగతులు ఏటా మారతాయి కాబట్టి "10-బి" అన్న పలకను కొక్కేనికి తగిలించండి. గది నంబరు మాత్రం గోడకే ఉండాలి. తలుపుకు వద్దు, కారణం పైనే చెప్పాను. వరండాలో నడిచేవారికి గోడకు ఆనించిన పలక పక్కకు వచ్చేదాకా కనబడదు. అందుకని వరండాలోకి పొడుచుకొచ్చే చిన్న రేకు బోర్డు ఒకటి, తలకు తగలనంత ఎత్తులో ఉండాలి.

అక్షరాల సైజుకు ఒక మోటు లెక్క ఉంది. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు. రైల్వే స్టేషన్ పేర్లలాగా పసుపు మీద నలుపైతే దూరానికీ ఆనుతుంది. మీ ఊళ్లో గోడల మీద పార్టీ నినాదాలు రాసే పెయింటరును పిలవండి, ఈ విషయంలో అతనికి మనకంటే ఎక్కువ తెలుసు. ఫ్లెక్సీలు మాత్రం వద్దు, రెండు ఎండాకాలాలకు వెలిసిపోతాయి. ఇప్పటికే గోడల నిండా సూక్తులు, బొమ్మలు ఉన్నాయి. వాటి మధ్య బాణం గుర్తు వేస్తే అదీ ఇంకో బొమ్మయిపోతుంది. దాని చుట్టూ కాస్త ఖాళీ గోడ ఉంచండి.

గేటు లోపల ఒక పటం కావాలి. దాంట్లో ఉత్తరం పైన ఉండాలన్న నియమం వదిలేయండి. పటం ముందు నిలబడ్డ మనిషికి ఎడమన ఉన్నది పటంలోనూ ఎడమనే ఉండాలి. అక్షరం రాని అమ్మమ్మ కూడా మనవణ్ణి తీసుకుని వస్తుంది కాబట్టి మంచినీళ్లకు, మరుగుదొడ్లకు, భోజనాల షెడ్డుకు బొమ్మలు వేయాలి. ఎర్ర బ్లాకు, పచ్చ బ్లాకు అని రంగు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఆ రెండింటికీ తేడా తెలియని పిల్లలుంటారు, వాళ్లలో మగపిల్లలే ఎక్కువ. చూపు లేనివారి కోసం గుమ్మం పక్కన చేతికి అందే ఎత్తులో ఉబ్బెత్తు అంకె, దాని కింద బ్రెయిలీ ఉండాలి. ర్యాంపు ఎటుందో గేటు దగ్గరే తెలియాలి. విద్యాసంస్థల ఆవరణలు వికలాంగులకు అందుబాటులో ఉండాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమే చెబుతోంది, ఇది మన దయాదాక్షిణ్యాల సంగతి కాదు.

మెట్ల దగ్గర బయటికి దారి గుర్తు మరవకండి. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో బడి తగలబడి 94 మంది పిల్లలు చనిపోయారు. ఆకుల పైకప్పు అంటుకున్న ఆ బడిని బోర్డులు కాపాడేవని నేననను. పొగలో దారి వెతుక్కునే పరిస్థితి ఏ పిల్లకూ రాకూడదనే చెబుతున్నాను. ఆ తర్వాత 2009లో సుప్రీంకోర్టు బడి భవనాల భద్రతపై ఆదేశాలిచ్చింది. వాటిని మన బడిలో ఎంతవరకు అమలు చేశారో ఈ పని మీదే ఒకసారి చూసుకోవచ్చు.

దారులన్నీ రాసిపెడితే ఎవరుపడితే వాళ్లు లోపలికి వస్తారని కొందరు హెడ్మాస్టర్ల భయం. బయటివాళ్లను ఆపాల్సింది గేటు దగ్గర. పటంలో కంప్యూటర్ల గది, బీరువాల గది చూపించకపోతే నష్టమేమీ లేదు.

చేయాల్సింది వేసవి సెలవుల్లో. ఒక ఆదివారం హెడ్మాస్టరు, ఇద్దరు పూర్వ విద్యార్థులు, పెయింటరు కలిసి చాక్‌పీసుతో ఆవరణంతా తిరిగి నంబర్లు వేయండి. మర్నాడు పక్క ఊరి ప్రైమరీ స్కూల్లో చదివే ఐదో తరగతి పిల్లాణ్ణి ఒకణ్ణి పిలిచి, "ఉత్తరం 13కి వెళ్లిరా నాన్నా, ఎవర్నీ అడగకు" అని గేటు దగ్గర వదలండి. వాడు ఎక్కడెక్కడ ఆగి అటూ ఇటూ చూస్తాడో అక్కడల్లా ఒక గీత గీయండి. బోర్డులు ఆ గీతల దగ్గర పెట్టించండి. వాటి మీద మీ పేరు వేయించుకోవాలనుంటే వేయించుకోండి, బాణం గుర్తు కంటే చిన్నగా.