గంపల లెక్క, కాగితం లెక్క

పత్తికొండ టమోటా మార్కెట్లో గంపల పక్కన నిలబడ్డ ఆ పిల్లాడికి పదేళ్లుంటాయి. ఐదో తరగతి. ఆదివారం కాబట్టి నాయన వెంట వచ్చాడు.

"జత గంపలు నూటడెబ్బై అయితే మూడు జతలకెంతబ్బీ?" అన్నాను.

"ఐన్నూట పది సార్."

"వెయ్యిస్తే తిరిగి ఎంతియ్యాల?"

"నాన్నూట తొంబై." నేను అడగడం పూర్తయ్యేలోపే వచ్చింది జవాబు.

అదే లెక్క డైరీలో ఒకదాని కింద ఒకటి రాసి పెన్ను చేతికిచ్చాను. చాలాసేపు చూసి 1510 అని వేశాడు. సున్నాలోంచి ఐదు పోదు కదా, అందుకని ఐదులోంచి సున్నా తీసేశాడు! వెయ్యిలోంచి తీసేస్తే వెయ్యి కన్నా ఎక్కువ ఎలా వస్తుందని వాడికి అనుమానం రాలేదు. గంపల లెక్క వేరు, కాగితం లెక్క వేరు.

"రెండో తరగతిలో సంకురాత్రి కాన్నుంచి ఉగాది దాకా మాతోనే ఉన్న్యాడు సార్. గుంటూరు దిక్కు మిరపకాయలు కోసేదానికి పోయింటిమి" అన్నాడు నాయన. బడిలో తీసివేతలు చెప్పిన రోజులు బహుశా అవే. ఇంటి అప్పు తీర్చడానికి అందరూ సుగ్గికి పోతే, పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోవడం పిల్లాడికి రాకుండా పోయింది. తిరిగొచ్చేసరికి పాఠం ముందుకెళ్లింది. తరగతి ఏటా మారింది.

ఇది ఒక్క పత్తికొండ కథేం కాదు. పల్లె పిల్లల చదువును 'అసర్' సర్వే 2005 నుంచీ లెక్కగడుతోంది. దేశం మొత్తమ్మీద ఐదో తరగతిలో ఉండి రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 50.5 శాతం. కరోనాతో బడులు మూతపడ్డాక 2022లో 42.8కి పడిపోయారు. 2024లో 48.8కి లేచారు. లేచినా సగం కాలేదు.

పత్తికొండకూ ఈ విషయానికీ పాత చుట్టరికం ఉంది. 1827 జులైలో కలరా సోకి ఈ ఊళ్లోనే కన్నుమూసిన మద్రాసు గవర్నర్ థామస్ మన్రో, ఊరూరా ఎన్ని బడులున్నాయో, ఎందరు చదువుతున్నారో లెక్క తీయమని 1822లో కలెక్టర్లను ఆదేశించాడు. అప్పట్లో పత్తికొండ బళ్లారి జిల్లాలో ఉండేది. ఆ జిల్లా కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన జవాబు చదివితే మనసు చివుక్కుమంటుంది. ఊళ్లు పేదవైపోయాయి, పిల్లలకు కాస్త ఓపిక రాగానే పెద్దలు పనిలోకి దించక తప్పడం లేదు అని రాశాడు. ఇంకో మాట కూడా: పిల్లలు పద్యాలు పొల్లుపోకుండా అప్పజెబుతారు, అర్థం మాత్రం చిలకకు తెలిసినంతే తెలుసునట. అయ్యవార్లకు నెలకు ఆరేడు రూపాయలకు మించి రాకపోతే మంచి చదువు ఎక్కణ్నుంచి వస్తుందని మన్రో 1826లో బాధపడ్డాడు. రెండు వందల ఏళ్లయింది. పంతుళ్ల జీతాలు మారాయి. పిల్లల్ని పనిదాకా తీసుకెళ్లే కరువు మారిందా?

పంతుళ్లను తిట్టడం తేలిక. నాలుగు నెలలు కనబడని పిల్లాడికి ఆ పంతులు మాత్రం ఏ పాఠం చెబుతాడు? వలస వెళ్లే తల్లిదండ్రులు పిల్లల్ని ఊళ్లోనే వదిలి వెళ్లేందుకు సీజనల్ హాస్టళ్లు పెట్టారు. మంచి ఆలోచనే. కాకపోతే వలస బండి కదిలే ముందే హాస్టలు తలుపు తెరుచుకోవాలి. తిరిగొచ్చినవాణ్ణి ఏ తరగతి అని కాక, ఎక్కడ ఆగిపోయాడో చూసి అక్కణ్నుంచి మొదలెట్టాలి.

మా పిల్లాడితో అదే చేశాను. "వెయ్యిని పది నూర్లు చెయ్. ఒక నూరును పది పదులు చెయ్. ఇప్పుడు తీసెయ్" అన్నాను.

"చిల్లర మార్చినట్లేనా సార్?" అన్నాడు. 1510 కొట్టేసి 490 వేశాడు. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు.

"ఈ ఏడు ఏం చేస్తారు వీణ్ణి?" అని నాయన్ను అడిగాను.

"హాస్టలు పెడితే ఈడ్నే ఇడిసిపోతాం సార్. పెట్టకుంటే ముసిల్ది కూడా మాతోనే వస్తాది, ఇంగ వాన్నెవురు సూస్తారు?" అంటూ ఖాళీ గంపలు ఎత్తుకున్నాడు.