అరకిలో అభయం

2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో ఘోరానికి బలియైన యువతిని దేశం ‘నిర్భయ’ అన్నది. 2014 జనవరిలో కాన్పూరులోని ప్రభుత్వ ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ స్త్రీల కోసమని ఒక చిన్న రివాల్వరును వెలువరించి, ఆ పేరుకు పర్యాయపదంగా ‘నిర్భీక్’ అని నామకరణం చేసింది.

.32 బోరు, ఆరు తూటాలు, బరువు అరకిలో. కొన్నవారు చేత బట్టగానే “ఎంత తేలిక! చేతిసంచిలో ఇట్టే ఇముడుతుంది” అని మురియడం సహజమే. ఆ మురిపెంతోనే నా పేచీ. నాటి వెల 1,22,360 రూపాయలు! పైగా 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు ఉండి తీరాలి. పని ముగించుకొని రాత్రివేళ బస్సు కోసం నిలుచున్న పేదపిల్లకు ఈ రెండూ ఏ జన్మకు సమకూరేను?

వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాణ్ణి గనుక ఒక్కమాట. ‘నిర్భయ’ అనగా భయము తొలగిన స్త్రీ. తుపాకి మోసుకొని నడవవలసిన స్త్రీకి భయం తొలగలేదు, సంచిలోకి మారినదంతే. వెలిగే వీధిదీపం, వేళకు వచ్చే బస్సు, ఫిర్యాదు వ్రాసుకొనే పోలీసు: ఇవి ప్రభుత్వం ఆమెకు పడిన బాకీ. బాకీ తీర్చక, ఆమెకే ఆయుధమమ్మి, దానికి ఆమె పేరే పెట్టడం ఏ నీతి?