కత్తెర పడవలసిన చోటు

ఇంటర్ ఎం.పి.సి.లో చేరిన కుర్రవాడు "ఐ.ఐ.టి. బ్యాచి నావల్ల కాదు, మామూలు బ్యాచికి మారతా"నంటే మన ఇళ్ళలో పెళ్ళి తప్పిపోయినంత గోల! బ్యాచి మారితే లెక్కలు మానినట్లా? ఎప్‌సెట్ ఉంది. జె.ఇ.ఇ. మెయిన్ ఎక్కడికీ పోదు. అందులో ముందు నిలిచిన సుమారు 2,50,000 మందికే అడ్వాన్స్‌డ్ రాసే అర్హత. ఆ బ్యాచిలో మోయించే అదనపు బరువంతా ఈ రెండో పరీక్ష కోసమే.

ఫిల్మ్ నగర్‌లో ఎడిటింగ్ చేసే మిత్రుడొకాయన కొడుకుదీ ఇదే పేచీ. "ఫీజు కట్టేశాను కదండీ మాస్టారూ!" అంటాడాయన.

"లక్షలు పోసి తీసిన పాట కథకు అడ్డొస్తే తమరేం చేస్తారు?"

"కత్తిరిస్తాం."

"నిర్మాత ఖర్చు గుర్తుచేస్తే?"

ఆయన మాట్లాడలేదు.

కుర్రవాణ్ణి విడిగా అడిగాను, "లెక్క రాకనా, నిద్ర లేకనా?" అని. "లెక్కలంటే ఇష్టమేనండీ. ఒకటి అర్థమయ్యేలోగా పది వచ్చి పడుతున్నాయి" అన్నాడు. ఆ ఇష్టం చచ్చేదాకా చదివించడం నాకు న్యాయంగా తోచలేదు. (తెలుగు పంతులుకు లెక్కల గొడవెందుకంటారేమో! నా క్లాసులో కునుకు తీసేది ఈ బ్యాచి పిల్లలే మరి.)

మారదలచుకుంటే మొదటి ఏడే మారాలి. రెండో ఏడు జనవరిలోనే మెయిన్ తొలి విడత వచ్చి కూర్చుంటుంది.