వెల గట్టుట వేఱు, అమ్ముట వేఱు

అడవికి వెల గట్టవచ్చునా యని మన పెద్దలు కొందఱు ఆశ్చర్యపడుచున్నారు. ఆ ప్రశ్నకు కాలము చెల్లినది. మన దేశమున వెల గట్టి వసూలు చేయుచునే యున్నారు.

గనుల కొఱకో కర్మాగారముల కొఱకో అటవీభూమిని కోరువారు దాని 'నికర వర్తమాన విలువ'ను చెల్లింపవలెనని సుప్రీముకోర్టు విధించినది. అడవి జాతిని, సాంద్రతను బట్టి హెక్టారునకు 4.38 లక్షలు మొదలు 10.43 లక్షల రూపాయల వఱకు 2008లో వెల నిర్ణయించినది. 2022లో ప్రభుత్వము దానిని పెంచినది. కలప, పశుగ్రాసములే గాక, బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనుట మొదలగు ఉపకారములును ఆ లెక్కలో చేరినవి.

మేము లెక్కను దూషింపము. ఉచితముగా దొరకుదానిని వర్తకుడు గౌరవింపడు. త్రాగునీటిని వడపోయుటకు మహాయంత్రాగారమును నిర్మించుటకంటె, ఆ నీరు పాఱివచ్చు క్యాట్‌స్కిల్ కొండల నేలను కాపాడుటయే చౌక యని గ్రహించి, న్యూయార్కు నగరమువారు 1997లో ఆ ప్రాంతమువారితో ఒడంబడిక చేసికొనిరి. అచ్చట లెక్క కావలి కాచినది.

ఇచ్చటనో, అదే లెక్క విక్రయపత్రమగుచున్నది. "సొమ్ము చెల్లించితిమి గదా, ఇక అడ్డేమి?" యను వాదము బయలుదేఱినది. ఇంట తల్లి చేయు చాకిరికి కూలి లెక్క వ్రాసి చూచినచో ఆమె శ్రమ యెంతటిదో తెలియును; మంచిదే. ఆ మొత్తమును చేతబెట్టి తల్లిని వీధికి వెడలగొట్టువానిని ఏమందుము? చెల్లించిన సొమ్ము నిధిలో చేరును. మొక్కలు వేఱొకచోట నాటబడును. ఎండిన ఊట క్రింది పల్లెకు మాత్రము నీరు రాదు.

ఒడిశాలోని నియమగిరిపై బాక్సైటు త్రవ్వు విషయమును గ్రామసభల నడుగుడని 2013లో సుప్రీముకోర్టు ఆజ్ఞాపించినది. పండ్రెండు సభలును వలదనినవి. డోంగ్రియా కొంధులకు ఆ కొండ నియమరాజు నెలవు. వారు ఎక్కువ వెల కొఱకు బేరమాడలేదు; బేరమునే త్రోసిపుచ్చిరి. అక్షరజ్ఞానము లేదని మనము జాలిపడు పల్లెవారు వెలకును విలువకును గల భేదమును మనకు నేర్పిరి.

పోయినది మరల వచ్చునా? దానినాశ్రయించి బ్రదుకువారు సమ్మతించిరా? ఈ రెండు ప్రశ్నలకు ఉత్తరము దొరకిన పిమ్మటనే వెల ప్రస్తావన రావలెను. మన కుటుంబములలో సంస్థల వాటాలు కొనువారును, వానియందు కొలువు చేయువారును గలరు. చదువరులారా! సంస్థ యెంత చెల్లించినదని యడిగి తృప్తిపడకుడు. ఎవరి నడిగి త్రవ్వినదో యడుగుడు.