మిషన్‌కు సర్వీసింగ్ ఉంది, టెక్నీషియన్‌కు చదువేదీ?

వినుకొండ ల్యాబ్ యజమానులకు, డాక్టర్లకు, తోటి టెక్నీషియన్లకు విజ్ఞప్తి

జ్వరాల సీజన్లో మన ఊరిని హడలగొట్టే మాట ‘ప్లేట్‌లెట్లు పడిపోయాయి’. రిపోర్టులో ముప్ఫై వేలని కనిపిస్తే చాలు, ఇంటివాళ్లు అప్పు చేసైనా కారు మాట్లాడుకుని గుంటూరు బయల్దేరతారు. నిజంగా పడిపోతే వెళ్లాల్సిందే. కానీ కొందరి రక్తం ఊదారంగు మూత ట్యూబులోని ఇ.డి.టి.ఎ.తో కలిస్తే ప్లేట్‌లెట్లు అంటుకుపోయి గుంపులు కడతాయి. మిషన్ ఆ గుంపుల్ని లెక్కలోకి తీసుకోదు, తక్కువ అంకె ప్రింటవుతుంది.

దాన్ని పట్టాల్సింది మన కన్నే. స్మియర్ లాగి, లీష్మన్ స్టెయిన్ వేసి, తోక అంచున వెతికితే గుంపులు కనిపిస్తాయి. అప్పుడు లేతనీలం మూత సిట్రేట్ ట్యూబులో మళ్లీ రక్తం తీసి, వచ్చిన అంకెను 1.1తో హెచ్చించాలి. తెలిసినవాళ్లకు ఇది చిన్న పని. ఎవరూ చెప్పకపోతే తెలిసేదెలా?

పాప్ స్మియర్ సంగతీ అంతే. పూసిన వెంటనే స్లైడును ఆల్కహాల్‌లో ముంచకపోతే కణాలు ఆరి రూపం చెడతాయి. ఆ తర్వాత ఎంత అనుభవమున్న పాథాలజిస్టయినా తేల్చి చెప్పలేరు. రిపోర్టు రాసే బెథెస్డా పద్ధతి 1988లో వచ్చి, 1991, 2001, 2014లో మారింది. 2010లో డి.ఎం.ఎల్.టి. పాసైనవాళ్లకు ఆ చివరి మార్పు ఎవరు చెప్పారు?

డాక్టర్లు ఐదేళ్లకు 30 గంటలు చదువుకోవాలని 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనలే చెప్పాయి. అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం 2021లో మన వృత్తినీ గుర్తించింది. గుర్తింపుతో పాటు చదువూ రావాలి.

‘నేర్చుకున్నవాడు గుంటూరు పోతాడు’ అంటారు యజమానులు. నేర్చుకోనివాడు ఇక్కడే ఉండిపోతే? తప్పు రిపోర్టు మీద ఉండేది మీ ల్యాబ్ పేరే.

మేం కోరేది:

1. మూడు నెలలకోసారి ఆదివారం వినుకొండలోనే స్లైడ్ల తరగతి పెట్టాలి. గుంటూరు వైద్య కళాశాల పాథాలజీ విభాగాన్ని పిలుద్దాం. ఉపన్యాసాలు వద్దు, ప్రతి ఒక్కరూ మైక్రోస్కోపు ముందు కూర్చోవాలి.

2. ఆ రోజు జీతం కోయకూడదు.

3. ప్రతి ల్యాబూ బయటి నాణ్యతా తనిఖీలో చేరాలి. వెల్లూరు సి.ఎం.సి. లాంటి సంస్థలు నమూనాలు పంపి మన జవాబులు సరిచూస్తాయి.

4. ల్యాబ్ రిజిస్ట్రేషన్ రెన్యువల్‌లో ఈ తరగతుల హాజరు చూడాలని జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారికి అర్జీ పెడదాం. అందరూ సంతకం చేయండి.

మొదటి తరగతికి అనుమానం తీరని స్లైడ్లు పట్టుకు రండి. రోగి పేరు మాత్రం చెరిపేయండి.

ఇట్లు,
వినుకొండ ల్యాబ్ టెక్నీషియన్లు