మదరాసు పటాలముల బొత్తాములు

పాత ఇత్తడిసామానుల అంగళ్లలో చింతపండుతో తోమి మెఱుగుపెట్టిన సైనికుల బొత్తాములు అమ్మకమునకు వచ్చుట పాఠకులలో పలువురు చూచియే యుందురు. అమ్మువారు వానిని తెల్లదొరల బొత్తాములందురు. కొనువారును అట్లే నమ్మి పెట్టెలలో దాచుకొందురు. దేశాభిమానులైన మఱికొందరు, అవి బానిసత్వపు ముద్రలు, కరగించివేయుడని సెలవిచ్చుచున్నారు. ఈ రెండు తెగలవారును చేయు తప్పొక్కటే. బొత్తాముమీది అంకెను ఎవరును చదువుట లేదు.

చదువుట బ్రహ్మవిద్య కాదు. కిరీటమును పట్టుకొని నిలిచిన సింహము కుంపిణీవారి చిహ్నము. అదియున్నచో 1858కి పూర్వపుదని ఊహింపవచ్చును. విక్టోరియా రాణినాటి కిరీటపు ఆకారము వేఱు, 1901 తరువాతి రాజుల కిరీటము వేఱు. వెనుకవైపున చేసినవాని పేరును లండను వీధిపేరును ఉన్నచో కాలమింకను దగ్గఱగా తేలును. చిక్కంతయు అంకెలోనే యున్నది. 1903లో మదరాసు పదాతి పటాలముల సంఖ్యలకు అఱువదేసి కలిపిరి. 13వ మదరాసు పటాలము 73వ కర్ణాటక పటాలమయ్యెను. తెల్లవారి సైన్యములోను 1881 వఱకు ఒక 73వ పటాలముండెను. ఇక నేమి? మనవాని బొత్తాము దొరగారి ఖాతాలో జమయగుచున్నది! బంగారుపూత గలవి తఱచుగా అధికారులైన దొరలవే, ఒప్పుకొందుము. పూతలేని ముతక ఇత్తడి బొత్తాములను తొడిగినవారెవరు?

1756లో క్లైవు వంగదేశమునకు తీసికొనిపోయినది మదరాసు సిపాయిలను. ఆ ప్రాంతమున సిపాయి యన్నవానికెల్ల “తెలింగా” యను పేరే స్థిరపడెను. బానిసలేయందురా? 1806లో కొత్త తలపాగా పెట్టుకొనుడు, నొసటిబొట్టు తుడిచివేయుడు అని ఆజ్ఞాపింపగా, జులై 10వ తేదీన వేలూరు కోటలో తిరుగబడినవారును ఈ సిపాయిలే. ఇచ్చిన దుస్తులన్నియు నోరుమెదపక తొడిగినవారు కారు.

అటుపిమ్మట వీరికి యుద్ధజాతి లక్షణములు లేవన్న వాదము పుట్టెను. 1881 మొదలు 1885 వఱకు మదరాసు సేనాధిపతిగానుండిన రాబర్ట్సు దొర దానికి పెద్దదిక్కు. పటాలములను ఒక్కొక్కటిగా తగ్గించుచు వచ్చి, 1920 తరువాతి దశకములో పాత పదాతి పటాలములను ముగించిరి. రెండవ ప్రపంచయుద్ధము వచ్చి మనుష్యులు కావలసివచ్చినప్పుడు మాత్రము మదరాసు పటాలము మరల లేచినది. యుద్ధజాతి లక్షణములు అప్పుడెక్కడనుండి ఊడిపడెనో ఆ పండితులే చెప్పవలెను.

ఆ వాదమునకు ప్రత్యుత్తరముగా మన ఊళ్లలో మిగిలిన సాక్ష్యమును తూకమునకు అమ్ముకొనుట మేమొల్లము. నూఱేండ్లు నిండిన వస్తువు 1972 నాటి చట్టము ప్రకారము పురావస్తువు. ఎవరి ఇష్టమువచ్చినట్లు వారు విదేశములకు పంపరాదు. చట్టము దొంగరవాణాను అడ్డుకొనవచ్చును గాని, ఏ పొలములో ఏ పెరటిలో దొరకినదో వ్రాసిపెట్టక ఏరుకొనిపోవు సేకర్తను ఏమిచేయును? చోటు చెప్పని బొత్తాము సగము మూగది.

మీ ఇంట తాతముత్తాతలనాటి బొత్తాము ఒక్కటియున్నను, తొడిగినవాని పేరు, ఊరు, అంకె కాగితముపై వ్రాసి దానితోనుంచుడు. చింతపండు మాత్రము ముట్టింపకుడు. పూతతోపాటు అక్షరములును అఱిగిపోవును.