అమ్మకమునకు వచ్చిన బాల్యము

పోయిన బాల్యమును మరల తెచ్చియిచ్చు వర్తకుడు లోకమున లేడు. తెచ్చియిత్తుమని చెప్పి వెల గైకొను వర్తకులు మాత్రము నేడు పెక్కండ్రు గలరు.

దూరదర్శనమున వ్యాపారప్రకటనలు 1976లో ప్రారంభమైనవి. ఆదివారము ప్రొద్దున పొరుగింటి టెలివిజన్ ముందు చేరి పెరిగిన మా యీడువారికి, బడిలో వల్లించిన పద్యములకంటె ఆ ప్రకటనల పాటలే నేటికిని చక్కగా జ్ఞప్తియందున్నవి. కథయేదో ప్రకటనయేదో యెరుగని వయస్సున విన్న మాట జీవితాంతము నిలుచును. వర్తకులీ మర్మమును బాగుగ నెరుగుదురు. అమెరికాలోని మాటెల్ కంపెనీ 1982లో హీమ్యాన్ బొమ్మలను విపణికి దెచ్చెను. మరుసటియేడే ఆ బొమ్మలు నాయకులుగా టెలివిజన్ కథలు వెలువడెను. అట్లు కథయే ప్రకటనమైనది. 1959లో పుట్టిన బార్బీ బొమ్మ పేర 2023లో చలనచిత్రము రాగా, చిన్ననాడు దానితో నాడుకొన్న పెద్దలును దానిని చూడబోయిరి. ఒక్క బాల్యమును రెండుమారులు విక్రయించుట యిదియే: మొదట తండ్రి సొమ్ముతో బిడ్డకు, పిమ్మట ఎదిగిన ఆ బిడ్డ సొమ్ముతో ఆతనికే.

స్వీడన్ దేశము పండ్రెండేండ్లలోపు పిల్లల నుద్దేశించిన టెలివిజన్ ప్రకటనలను 1991 నుండి నిషేధించినది. మన దేశమునను 2022లో పిల్లల ప్రకటనలకు కొన్ని కట్టుబాట్లు విధింపబడినవి. ఇవి మంచివే. కాని యింటిలో బిడ్డచేతికి ఏ బొమ్మ నీయవలెనో చట్టము చెప్పజాలదు. అది గృహస్థుని పని.

మన ఎలమంచిలి మండలముననే, వరాహనదీతీరమున, ఏటికొప్పాక గలదు. అచ్చటి పనివారు అంకుడు కర్రను తరిణిపట్టి, తిరుగుచున్న బొమ్మకు లక్కకడ్డీ నొత్తుదురు. ఒరపిడి వేడికి లక్క కరగి రంగు పట్టును. చెట్ల గింజలనుండియు బెరళ్లనుండియు తీసిన రంగులగుటచే, పసిబిడ్డ నోట బెట్టుకొనినను భయములేదు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ కళకై పాటుపడిన శ్రీ సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చినది. 2025 గణతంత్రదినమున ఢిల్లీలో మన రాష్ట్రశకటము ఈ బొమ్మలతోనే నడచినది.

గౌరవములకు కొదువలేదు. అయినను మన పట్టణమున ఈ బొమ్మ లెచ్చటనున్నవి? సన్మానసభలో శాలువతోపాటు చేతులు మారి అద్దాలబీరువా చేరుచున్నవి. బీరువాలోని బొమ్మను తలచుకొని మురియు బిడ్డ యెవడు?

ఈ కాలపు పిల్లలకు లక్కపిడతలు రుచింపవని కొంద రందురు. రుచి పుట్టుకతో వచ్చునది కాదు. పలుమారులు కంటబడుటచే కలుగునని ప్రకటనకర్తలే నిరూపించిరి. వారు పరులసొమ్ముకై చేయుపనిని తల్లిదండ్రులు బిడ్డల మేలుకై చేయరాదా?

కావున రానున్న సంక్రాంతికి ప్రతి గృహస్థుడును లక్కపిడతల నొక జత కొని, విరిగినను సరే, బిడ్డచేతికే యీయవలెను. బడులును పఠనమందిరములును పిల్లలకై కొన్నింటి నుంచవలెను. అంకుడు కర్ర నానాటికి అరుదగుచున్నందున, అటవీశాఖవారు వరాహ గట్లపై ఆ మొక్కలు నాటింపవలెను. ముప్పదియేండ్ల పిమ్మట మన బిడ్డలు దేనిని తలచుకొందురో నేడు మనమే నిర్ణయించుచున్నాము.